చీటీలో రాయని మాట

"చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాడో వాడిని అడుగు."

నాన్న ఈ మాట నాతో అన్నాడు. అన్నయ్య నాన్నకు మూరెడు దూరంలో, అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"తన మోచేతి కిందే ఉందని చెప్పు," అన్నాడు అన్నయ్య, వాడూ నాతోనే.

"నాన్నా, నీ మోచేతి కింద..."

"విన్నాను," అన్నాడు నాన్న.

మూడు రోజులుగా మా ఇంట్లో మాటలన్నీ ఇలా నా మీదుగానే నడుస్తున్నాయి. మామూలుగా నేను రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఈ మూడు రోజుల్లో మాట్లాడినంత పోయిన ఏడాదంతా కలిపినా మాట్లాడి ఉండను. అందులో నా సొంత మాట ఒక్కటీ లేదు.

స్కూలు యూనిఫాంలు కుట్టే చొక్కాల అత్త తన కుట్టుమిషన్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని మా మెట్లు దిగి వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరుస.

మా ఇంటి ముందుగదే మా షాపు. కుట్టుమిషన్లు బాగుచేస్తాం. నాన్నకు ఇందులో ఒక పద్ధతి ఉంది. మిషన్ తెచ్చినవాళ్లు దాని బాధ ఎలా చెబితే అలా, వాళ్ల మాటల్లోనే, అట్టముక్క మీద రాయాలి. ఒక్క మాట దిద్దకూడదు. ఆ చీటీని మిషన్ మెడకు దారంతో కట్టాకే స్క్రూ విప్పాలి. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకిచ్చాడు. 'లోపల ఎలక గీరినట్టు చప్పుడు.' 'కుట్టిన గంటకి నా ఎడమ భుజం లాగుతుంది.' 'మా ఆవిడ కుడితే కుడుతుంది, నేను కుడితే కుట్టదు.' ఇలాంటివి వందలకొద్దీ రాశాను.

చొక్కాల అత్త చీటీ కూడా నేనే రాశాను. 'పొద్దున కూర్చుంటే పదకొండింటిదాకా బాగుంటుంది. తర్వాత మూలుగుతుంది, అలిగి ఆగిపోతుంది. నేను భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ మామూలే.'

ఆ పొద్దున నాన్న సామాన్ల కోసం బజారుకు వెళ్లాడు. అన్నయ్య ఆ చీటీని షాపులో ఉన్న నలుగురి ముందూ పైకి చదివాడు. "నువ్వు తింటే మిషన్‌కి ఆకలి తీరుతోందా ఏంటమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. పది నిమిషాలు నడిపి చూశాడు. మిషన్ గుర్రంలా పరిగెత్తింది. అప్పుడు నా అక్షరాల కింద తన అక్షరాలు రాశాడు. 'లోపం లేదు. వాడటం రాదు.'

ఆవిడకు చదువు రాదనుకున్నాడు.

ఆవిడ చీటీ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అందరికీ వినిపించేలా చదివింది. "వా... డ... టం... రా... దు." మెడకు కట్టిన దారం తెంపి, చీటీ బల్ల మీద పెట్టి, మిషన్ ఎత్తుకుంది. మెట్ల దగ్గర నాన్న ఎదురయ్యాడట. "ఏంటమ్మా, అయిపోయిందా అప్పుడే?" అని అడిగితే, "అయిపోయింది అన్నా," అందట.

ఆ మాటే నాన్న గొంతులో ముల్లులా దిగింది.

* * *

స్క్రూడ్రైవర్ గొడవ అలా సద్దుమణిగిందో లేదో, ఒకాయన చెమటలు కక్కుతూ మిషన్ మోసుకొచ్చాడు.

"దీని సంగతి నాకేం తెలియదండీ. మా ఆవిడ పంపింది. దారం తెగుతోందట."

నాన్న ఆయనకు స్టూలు చూపించాడు. మంచినీళ్లు తెమ్మని నాకు సైగ చేశాడు. ఆయన తాగడం అయ్యేదాకా ఆగి అడిగాడు.

"ఏ రంగు దారం వేస్తే తెగుతోందన్నారు?"

అన్నయ్య ముక్కుతో నవ్వాడు. "రంగుకీ తెగడానికీ సంబంధమేంటో అడుగు," అన్నాడు నాతో, చిన్నగా.

ఆ మాట నేను అందించలేదు.

"అవునండోయ్!" అన్నాడు ఆయన. "నల్లదైతేనే తెగుతోంది అంది. నేనే, చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"నల్ల ఉండ తెచ్చారా?"

ఆయన జేబులోంచి తీశాడు. నాన్న దారం కొసను రెండు వేళ్లతో పట్టుకుని కొద్దిగా లాగాడు. పుటుక్కున తెగింది. ఇంకోచోట లాగాడు. అక్కడా తెగింది.

"మిషన్ బంగారంలా ఉంది. దారం పాతబడింది. కొత్త ఉండ కొనుక్కుని ఇంటికెళ్లండి."

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇంతోటి దానికా ఇంత దూరం మోసుకొచ్చాను!"

"ఇంతోటిదో ఎంతోటిదో ఇక్కడికొస్తేగానీ తెలియదు కదండీ. మీ ఆవిడ రంగు గమనించారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేను సాయంత్రం దాకా దీన్ని విప్పుతూ కూర్చునేవాణ్ణి. ఆవిడకి నా థాంక్సు చెప్పండి."

ఆయన తలెత్తుకుని వెళ్లాడు. మెట్లు దిగుతూ ఫోనులో, "నువ్వు చెప్పిందే కరెక్టట! షాపాయన థాంక్సు చెప్పమన్నాడు," అనడం లోపలికి వినిపించింది.

అన్నయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ గోడకే వాడి రిపేరు కోర్సు సర్టిఫికెట్ ఉంది. అద్దం వేయించి, తెచ్చిన రోజే మేకు కొట్టింది కూడా నాన్నే.

* * *

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మకు ఓపిక నశించింది.

"అయ్యా, మీ ఇద్దరికీ దండం. నీళ్లు కావాలంటే పిల్ల, ఉప్పు కావాలంటే పిల్ల. అదేమైనా టెలిఫోను తీగా? దాని కంచంలో మెతుకులు ఎండిపోతున్నాయి."

"నాకేం బాధలేదమ్మా," అన్నాను.

"నువ్వూరుకో. నీకు ఎప్పుడూ ఏ బాధా ఉండదు."

అన్నయ్య చెయ్యి ఆపాడు. ఈసారి నేరుగా నాన్నతోనే మాట్లాడాడు.

"నేనేం దొంగతనం చేశానా? ఆవిడకి తెలియదు నాన్నా. తెలియనివాళ్లకి తెలియదని చెప్పడం తప్పా?"

నాన్న కంచం వైపే చూస్తున్నాడు. అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. నాన్న చేతిలోని ముద్ద కంచంలో దించాడు.

"మిషన్ లోపల ఏముందో ఆవిడకి తెలియదు. నిజమే."

"మరి?"

"దాని ముందు రోజంతా కూర్చుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

"నడిపి చూశాను కదా. నా చేతిలో బాగానే నడిచింది."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"ఆవిడ పదకొండింటిదాకా బాగుంటుందనే చెప్పింది. బాగుంటుందని ఆవిడ చెప్పిన వేళలోనే నువ్వు చూశావు. బాగుందని నువ్వూ రాశావు. మరి ఇందులో ఎవరికి తెలియలేదు?"

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, వాడికి కోపం వచ్చినా సిగ్గేసినా ముందు చెవులకే తెలుస్తుంది.

"ఆ చీటీ ఉందా?" అని నాన్న నన్ను అడిగాడు.

ఉంది. నా నోటుబుక్కులో పేజీల మధ్య దాచాను. చెయ్యి కడుక్కుని తెచ్చి ఇచ్చాను. నాన్న కళ్లజోడు పైకి నెట్టి రెండుసార్లు చదివాడు.

"భోజనం చేసి వచ్చేసరికి మామూలే. అంటే ఓ గంట వదిలేస్తే చల్లబడుతోంది. ఏదో వేడెక్కుతోంది. ఎందుకు వేడెక్కుతోందో మాత్రం ఇందులో లేదు." తల ఎత్తి నా వైపు చూశాడు. "ఆవిడ ఇంతేనా చెప్పింది?"

అన్నయ్య నా ఎదురుగానే ఉన్నాడు.

"ఇంతే," అన్నాను.

నాన్న చీటీ నా చేతికిచ్చి, కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"రేపు పొద్దున నేను వెళ్తాను."

"రెండంతస్తులు," అంది అమ్మ. "ఆ మోకాళ్లతో ఎక్కి, మిషన్ మోసుకుని దిగుతావా?"

"మెల్లగా దిగుతాను."

"వెళ్లి ఏమంటావు?"

"ఏమంటాను? మా వాడు నవ్వాడమ్మా, నా ముఖం చూసి మిషన్ ఇవ్వండి అంటాను."

అన్నయ్య లేచాడు. పెరటి తలుపు దాకా వెళ్లి, అక్కడే అటు తిరిగి నిలబడ్డాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"నువ్వెళ్లొద్దు. నేను వెళ్తాను. కానీ క్షమాపణ అదీ నాకు రాదు."

"రానిది చెప్పమని ఎవరన్నారు?" అన్నాడు నాన్న. "చెల్లెల్ని తీసుకెళ్లు. చీటీ అది రాస్తుంది."

మూడు రోజుల తర్వాత ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నందుకు అమ్మ చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ సంతోషించాల్సిందే. నేను మాత్రం నోటుబుక్కు పట్టుకుని మేడమెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను.

ఎండ తగ్గేదాకా రాసి, ఈ ఒక్క పేరా మిగుల్చుకున్నాను, మిగతాది కొట్టేశాను:

'అత్త ఇంకో మాట కూడా చెప్పింది. "మీ అన్నయ్య కొత్త బెల్టు బిగించిన రోజు నుంచే ఇలా" అంది. నేను పెన్సిలు ఎత్తాను. అన్నయ్య నా భుజం మీదుగా చూస్తున్నాడు. వాడి ఊపిరి నా మెడకు తగిలింది. పెన్సిలు దించేశాను. ఈ రోజు నాన్న అడిగితే ఇంతే అన్నాను. ఇన్నేళ్లలో నేను దిద్దిన చీటీ ఇదొక్కటే.'

* * *

చొక్కాల అత్తది ఒకే గది. రెండో అంతస్తులో, వీధి వైపు కిటికీ ఉన్న గది. కిటికీ కింద మిషన్. మంచం మీద తెల్ల చొక్కాలు దొంతరలుగా ఉన్నాయి. కొన్నింటికి కాలర్లు లేవు. కొన్నింటికి గుండీలు లేవు. పిల్లలు వేసుకునే చొక్కాలు కదా, చిన్న చిన్న చేతులు పక్కలకు చాచి పడుకున్నట్టు ఉన్నాయి.

తలుపు తీసిన అత్త మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి. చెప్పులు అక్కడే వదలండి, తెల్లబట్ట."

"మిషన్ ఇవ్వండి," అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచే. "నాన్న చూస్తానన్నాడు."

ఆ రోజు షాపులో 'నువ్వు' అన్నవాడు ఇవాళ 'ఇవ్వండి' అన్నాడు. దారిలో ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశాడో.

"ఇచ్చేస్తే శనివారానికి అరవై చొక్కాలు ఎవరు కుడతారు?" అంది ఆవిడ. "స్కూలు తెరుస్తున్నారు. చొక్కాలు ఇవ్వకపోతే వచ్చే ఏడు ఈ పని ఇంకొకరికి పోతుంది. అయినా మీ నాన్న చూస్తాడు సరే, నువ్వు చూశావా?"

"ఆ రోజే చూశాను కదండీ."

"పది నిమిషాలు. ఇప్పుడు ఎనిమిదిన్నర. పదకొండింటిదాకా చూడు. ఇదిగో పీట."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"నేను బాగుచేస్తానుగానీ కుట్టనండీ. నాకు కుట్టడం..."

"రాదు," అంది ఆవిడ. ఎగతాళి లేదు ఆ మాటలో. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. "రాకపోతే నేర్పుతాను. కూర్చో బాబూ."

వాడు కూర్చున్నాడు. ఆవిడ ఒక పాతగుడ్డ పీలిక ఇచ్చింది. వాడు కాలి కింద పెడల్ ఒక్కసారిగా నొక్కేశాడు. గుడ్డ చేతిలోంచి జారిపోయింది. కుట్టు ఎడమకు వెళ్లి, కుడికి వచ్చి, మధ్యలో ముడిపడింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కున్నాను. ఆవిడ నవ్వలేదు.

"పర్లేదు. నువ్వు తోస్తున్నావు. తొయ్యకు. గుడ్డ దానంతటదే వెళ్తుంది. నువ్వు దారి చూపిస్తే చాలు."

"ఇలాగా?"

"ఆ, అలాగే. చూపు సూది మీద కాదు, దానికి రెండు వేళ్ల దూరం ముందు పెట్టు. నేను నేర్చుకునే రోజుల్లో నా వేలికే కుట్టు వేసుకున్నాను. నువ్వు నయం."

అరగంటలో వాడి కుట్టు కొంచెం దారికొచ్చింది. గంటలో జేబు అంచులు ఇచ్చింది. ఆవిడ పక్కనే నిలబడి, ప్రతి ముక్కా వెలుగులో పెట్టి చూసి, "ఇది పనికొస్తుంది," "ఇది విప్పుదాం," అని రెండు కుప్పలు పెట్టింది. విప్పే కుప్ప పెద్దదే అయింది. అన్నయ్య మెడ మీద చెమట కారుతోంది. సర్టిఫికెట్ తెచ్చిన రోజున కూడా వాడి ముఖంలో ఇంత శ్రద్ధ నేను చూడలేదు.

ఆవిడ నన్ను మంచం చివర కూర్చోబెట్టి సూది, గుండీల డబ్బా ఇచ్చింది.

"మిషన్ అలిగినప్పుడల్లా నేను గుండీలు కుట్టుకుంటాను. ఈ నెలరోజుల్లో దాని వేళలకి నా వేళలు మార్చుకున్నాను," అంది నవ్వుతూ.

రెండు చొక్కాలు అయ్యాక, మిషన్ చప్పుడులో నాకొక్కదానికే వినిపించేలా అంది.

"నాకు చదవడం వచ్చు పిల్లా. మెల్లగా వస్తుంది. అంతే."

నేను తలూపాను.

"ఆ చీటీ పైనుంచి కిందికి చదివాను. మీ అన్నయ్య రాసింది చదివినప్పుడు మండింది. కుర్రాడు, తెలియదులే అనుకున్నాను. పైన నీ అక్షరాల్లో నా మాట ఒకటి లేదు. అది చూశాకే మిషన్ ఎత్తుకున్నాను."

సూది నా వేలికి గుచ్చుకుంది. తెల్లచొక్కాకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను.

"ఇన్నేళ్లుగా మీ షాపుకెందుకు వస్తున్నాననుకున్నావు? దారిలో ఇంకో రెండు షాపులున్నాయి. మీ దగ్గర నా మాట నా మాటలా ఉంటుందని."

నాకు ఏడుపు రాలేదు. ఏదైనా చెప్పాలని మాత్రం చాలా అనిపించింది. వేలు నోట్లోంచి తీయలేదు.

పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా మిషన్ మూలిగింది.

అన్నయ్య పెడల్ మీది నుంచి కాలు తీసి మళ్లీ నొక్కాడు. చక్రం బద్ధకంగా సగం తిరిగి ఆగిపోయింది. వాడు మోటారు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"కాలిపోతోంది!"

"ఊ," అంది ఆవిడ.

వాడు వంగి, బెల్టును ఒక వేలితో నొక్కాడు. అది కొంచెమైనా లోపలికి దిగలేదు, వీణ తీగలా బిగుసుకుని ఉంది. వాడి వేలు దాని మీదే ఆగింది.

"ఇంత బిగువుంటే మోటారుని రోజంతా పక్కకి లాగిపట్టినట్టే. వేడెక్కక ఏం చేస్తుంది? ఇంత గట్టిగా ఏ తెలివితక్కువ..."

మాట సగంలో ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

కింద వీధిలో ఎవరో బండిని పదే పదే స్టార్టు చేస్తున్నారు.

"నేనే," అన్నాడు. "వదులుగా ఉంటే జారుతుందని నేనే లాగి బిగించాను. మీరు ఆ రోజే చెప్పి ఉంటే..."

"చెప్పాను బాబూ."

"నాకు వినపడలేదు. చీటీలో కూడా..."

వాడు నా వైపు తిరిగాడు. నా వేలు ఇంకా నోట్లోనే ఉంది.

ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, చల్లగా, "సరే, వదులు చేస్తావా దాన్ని?" అంది.

"చేస్తాను. రెండు నిమిషాలు. కానీ లోపల మోటారు ఇరుసు తిరిగే బుష్ కూడా అరిగినట్టుంది. ఈ చొక్కాలు అయ్యేదాకా నడుస్తుంది. ఆ తర్వాత మార్చాలి."

"ఎక్కడ మార్పించుకోవాలో తర్వాత చూద్దాం. ముందు చీటీ. చీటీ రాయకుండా మీవాళ్లు స్క్రూ ముట్టరు కదా?"

అన్నయ్య నా సంచిలోంచి అట్టముక్క, పెన్సిలు తీశాడు. నాకివ్వలేదు. తానే పెన్సిలు పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"చెప్పండి అత్తా. మీరెలా చెబితే అలా రాస్తాను."

"వద్దు," అంది ఆవిడ. "ఇలా ఇవ్వు. నేనే రాస్తాను."

* * *

చీటీ రాయడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఆలోగా అన్నయ్య బెల్టు వదులు చేసి, నూనె వేసి, మోటారు చల్లబడ్డాక పావుగంట నడిపి చూశాడు. ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టి వాడి చేతికిచ్చింది.

"ఇది మీ నాన్నకి."

ఇంటిదారిలో వాడు దాన్ని విప్పలేదు. జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని నడిచాడు. సగం దారి దాటాక అడిగాడు.

"ఎందుకు రాయలేదే?"

"నువ్వక్కడే ఉన్నావు కదా."

"ఉంటే? కొడతానా?"

"నవ్వుతావు."

వాడు నిలబడిపోయాడు. నేను రెండడుగులు ముందుకెళ్లి ఆగాను. వాడికి దెబ్బ తగిలిందని నాకు తెలుసు. కావాలని కొట్టలేదు. నా నోట్లోంచి అంత సూటిగా ఒక మాట రావడం నాకే కొత్త.

"సరే విను," అన్నాడు దగ్గరికొచ్చి. "నాన్న అడిగితే, నువ్వు రాశావనీ, నేనే ఆ ముక్క చింపేశాననీ చెప్తాను. నా మీద ఎలాగూ కోపంగా ఉన్నాడు. ఇంకొంచెం పెరిగితే ఏమవుతుంది? నిన్ను చీటీల పని నుంచి తీసేస్తే ఏం చేస్తావు?"

నేనేమీ అనలేదు. వాడు ఒప్పుకున్నట్టే తీసుకున్నాడు. నన్ను ఎవరైనా అడిగినప్పుడు నేను ఊరుకుంటే, అందరూ ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

నాన్న బల్ల దగ్గరే ఉన్నాడు. మా ఖాళీ చేతులు చూసి కళ్లజోడు తీశాడు.

"ఇవ్వలేదా?"

"చీటీ ఇచ్చింది," అన్నాడు అన్నయ్య. "బెల్టు వదులు చేశాను నాన్నా. మరీ గట్టిగా బిగించింది నేనే."

నాన్న వాడిని కాసేపు చూశాడు. "కూర్చో," అన్నాడు. ఈ నాలుగు రోజుల్లో నా మీదుగా రాకుండా వాడికి చేరిన మొదటి మంచిమాట అది. అమ్మ లోపలి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నాన్న చీటీ విప్పాడు. పెద్ద పెద్ద అక్షరాలు, ఒకటి కిందికి దిగి, ఒకటి పైకెక్కి ఉన్నాయి. నేను నిలబడ్డచోటికే కనిపిస్తున్నాయి.

'కొత్త బెల్టు బిగించిన రోజు నుంచే ఇలా అని మొదటి రోజే చెప్పాను. ఈ పిల్లాడు ఈ రోజు రెండున్నర గంటలు కూర్చున్నాడు. కుట్టు ఇంకా వంకరే. నేర్చుకుంటాడు.'

నాన్న చివరి మాట దగ్గర చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత చూపు మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లింది. నవ్వు మెల్లగా పోయింది.

"మొదటి రోజే చెప్పిందట." చీటీ బల్ల మీద పెట్టాడు. "నీ చీటీలో ఈ మాట లేదు. నిన్న అడిగితే ఇంతే అన్నావు."

"నాన్నా, అది నేను..." అంటూ అన్నయ్య లేవబోయాడు.

నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. కుర్చీ కిర్రుమంది. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. వాడి చొక్కా వదల్లేదు.

"వాణ్ణి అడగొద్దు నాన్నా," అన్నాను. "నన్నడుగు."

నాన్న అడగలేదు. గూట్లో చెయ్యిపెట్టి ఒక ఖాళీ అట్టముక్క తీశాడు. పెన్సిలు మొన చూసుకున్నాడు. దాన్ని నాకివ్వలేదు. తన చేతిలోనే పట్టుకుని, కస్టమర్లు కూర్చునే స్టూలును కాలితో నా ముందుకు జరిపాడు.

"కూర్చో తల్లీ. నువ్వెలా చెబితే అలా రాస్తాను."